మొదటి ముద్దతోనే మింగవలసిన మందు: క్లోమం ఎంజైమ్ క్యాప్సూళ్లపై రెండేళ్ల అనుభవం

క్లోమం (ప్యాంక్రియాస్) చేయవలసిన అరుగుదల పనిని బయటినుంచి అందించే ఎంజైమ్ క్యాప్సూళ్లను రెండేళ్లుగా ప్రతి భోజనంతోనూ మింగుతున్నాను. వైద్యులు ఈ మందును ప్యాంక్రియాటిన్ అంటారు; వేర్వేరు కంపెనీలు దీన్ని వేర్వేరు పేర్లతో అమ్ముతాయి. నేను మూడు రకాలు వాడి చూశాను గాని, వాటిలో ఒకదానికీ మరొకదానికీ ఉన్న తేడా కంటే, ఈ మందును సరిగ్గా వాడటానికీ తప్పుగా వాడటానికీ మధ్య ఉన్న తేడాయే ఎన్నో రెట్లు పెద్దదని తేలింది కాబట్టి ఇక్కడ ఏ కంపెనీ పేరూ చెప్పడం లేదు. దీన్ని అరుగుదల మందుగానే అందరూ చూస్తారు. నేను మాత్రం మధుమేహం ఉన్న మనిషిగా దీన్ని సమీక్షిస్తున్నాను, ఎందుకంటే భోజనం తరువాత నా రక్తంలో చక్కెర నడిచే తీరును ఈ క్యాప్సూల్ మార్చింది. ఆ సంగతి పెట్టె లోపలి కాగితంలో నాకు అర్థమయ్యేలా ఎక్కడా లేదు.

ముందుగా నా పరిస్థితి చెప్పాలి, లేకపోతే ఈ సమీక్ష ఎవరికి పనికివస్తుందో తెలియదు. క్లోమానికి పదే పదే వాపు వచ్చి, చివరికి అది దీర్ఘకాలిక క్లోమశోథగా స్థిరపడింది. ఆ తరువాత కొన్నాళ్లకు షుగర్ బయటపడింది. ఏడాదికి పైగా దాన్ని మామూలు టైప్ 2 అనే అనుకున్నారు, నేనూ అనుకున్నాను. అయితే టైప్ 2 అన్న మాటకు పొసగని విషయాలు రెండు ఉన్నాయి. కడుపునిండా తింటున్నా బరువు తగ్గుతూనే ఉంది. విరేచనం జిడ్డుగా, పాలిపోయిన రంగులో, ఎన్ని నీళ్లు పోసినా వదలకుండా ఉండేది. రెండో సంగతిని ఎవరితోనైనా చెప్పుకోవడానికి సిగ్గుపడి చాలాకాలం దాచాను. ఆ సిగ్గే నాకు ఎక్కువ నష్టం చేసింది. అడగవలసిన ప్రశ్న అడిగిన వైద్యురాలు దొరికాక, మలంలో ఎలాస్టేజ్ (క్లోమం తయారుచేసే ఒక ఎంజైమ్) ఎంతుందో చూసే పరీక్ష ఒకటి చేయించారు. ఆ పరీక్షలో గ్రాముకు 200 మైక్రోగ్రాములకు పైన ఉంటే మామూలు, 100కు లోపల ఉంటే లోపం తీవ్రమని అర్థం. నాది వందకు చాలా దిగువన ఉంది. ఈ పరీక్ష మనిషి క్లోమంలో పుట్టిన ఎలాస్టేజ్‌ను మాత్రమే గుర్తిస్తుంది కాబట్టి, క్యాప్సూళ్లు వాడుతున్నప్పుడు కూడా చేయించుకోవచ్చు. నీళ్ల విరేచనాలు అవుతున్నప్పుడు మాత్రం చేయించకూడదు. పలచబడిన మలంలో అంకె ఉత్తుత్తినే తగ్గి కనిపిస్తుంది.

క్లోమం ఒకే అవయవమైనా అందులో రెండు కార్ఖానాలు ఉన్నాయి. ఎక్కువ భాగం రోజుకు సుమారు లీటరున్నర జీర్ణరసాన్ని తయారుచేసి ఆంత్రమూలంలోకి, అంటే చిన్నపేగు మొదటి భాగంలోకి పంపుతుంది. ఆ భాగం మధ్యలో చిన్న చిన్న దీవుల్లా ఉండే కణాల గుంపులు ఇన్సులిన్, గ్లూకగాన్ వంటి హార్మోన్లను రక్తంలోకి వదులుతాయి. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో ఫాన్ మేరింగ్, మింకోవ్‌స్కీ అనే వైద్యులు కుక్క క్లోమాన్ని తీసివేసినప్పుడు దానికి మధుమేహం వచ్చింది. క్లోమానికీ షుగర్‌కూ ఉన్న సంబంధం అలా రుజువైంది. వాపు వల్ల మచ్చలుపడి గట్టిపడిన క్లోమంలో మొదట జీర్ణరసం తగ్గవచ్చు, తరువాత దీవులు కూడా దెబ్బతింటాయి. అలా వచ్చే మధుమేహాన్ని టైప్ 3సి అంటారు. దీనిలో ఇన్సులిన్‌తో పాటు, చక్కెర పడిపోయినప్పుడు కాలేయాన్ని తట్టిలేపే గ్లూకగాన్ కూడా తగ్గిపోతుంది, అందువల్ల చక్కెర ఎక్కడం ఎంత సులువో దిగజారడం కూడా అంతే సులువు. తిన్నది సగమే ఒంటపడుతూ ఉంటే, తిన్న దానికి తగినట్టు వేసుకున్న ఇన్సులిన్ ఎటు తీసుకుపోతుందో చెప్పనక్కరలేదు.

ఇక వస్తువు సంగతికి వస్తాను. ఒక క్యాప్సూల్‌ను తెల్లటి పళ్లెంలో విప్పితే లేత గోధుమరంగు గుళికలు వందలకొద్దీ దొర్లుతాయి. ఒక్కొక్కటి ఆవగింజ కంటే చిన్నది, కాస్త నీచు వాసన ఉంటుంది. ఆ వాసన ఎందుకో తెలుసుకుంటే మంచిది: ఈ ఎంజైములను పంది క్లోమం నుంచి తీస్తారు. ఆహార నియమాలూ మత నియమాలూ పాటించేవారు మొదటిరోజే తమ వైద్యుడితో మాట్లాడవలసిన విషయమిది. ఆరునెలలు వాడాక తెలిసి బాధపడినవారు నాకు తెలుసు.

గుళికల మీద ఉన్న పూత ఎలా పనిచేస్తుందో చూద్దామని ఒకరోజు రెండు గాజుగ్లాసులు పెట్టుకుని కూర్చున్నాను. ఒకదానిలో వెనిగర్, రెండోదానిలో వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లు పోసి, రెంటిలోనూ చెంచాడు గుళికలు వేశాను. వెనిగర్‌లో పడినవి గంట గడిచినా గుండ్రంగా, గట్టిగా అలాగే ఉన్నాయి. సోడా నీళ్లలో పడినవి కాసేపటికి ఉబ్బి, అంచులు చెదిరి, చివరికి గ్లాసు అడుగున మబ్బులాంటి మడ్డిగా మిగిలాయి. కడుపులో జరిగేది కూడా ఇదే. కొవ్వును విడగొట్టే లైపేజ్ అనే ఎంజైమ్ ఆమ్లానికి తట్టుకోలేదు, ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ అంకె (అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 కంటే కిందికి దిగితే అది మళ్లీ కోలుకోకుండా పాడవుతుంది. అందుకని జీర్ణాశయం దాటేదాకా కరగకుండా, పీహెచ్ సుమారు 5.5 దాటాకే కరిగే పూత వేస్తారు. గుళికలు చిన్నవిగా ఉండటం కూడా అందం కోసం కాదు. పెద్ద మాత్ర జీర్ణాశయంలోనే ఆగిపోయి, తిండి ముందుకు పోయాక ఎప్పుడో వెనకాల వెళుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల గుళిక మాత్రం తిండిలో కలిసిపోయి, తిండితోనే పేగులోకి దిగుతుంది. నమిలితే పూత పగిలి ఆ ఏర్పాటంతా వృథా అవుతుంది, పైగా నోరు పూస్తుంది. మింగలేనివారు క్యాప్సూల్ విప్పి, గుళికలను ఏదైనా పుల్లటి మెత్తని పదార్థం మీద చల్లుకుని నమలకుండా మింగవచ్చు.

పెట్టె మీద ఉన్న అంకె గురించి రాకూడని అపోహలు చాలా ఉన్నాయి. 10,000, 25,000, 40,000 అని ఉండేవి మిల్లీగ్రాములు కావు, లైపేజ్ యూనిట్లు. మాంసకృత్తులను, పిండిపదార్థాలను విడగొట్టే ఎంజైములు కూడా అందులో ఉన్నా, లెక్క మాత్రం లైపేజ్ ప్రకారమే, ఎందుకంటే మిగిలిన రెండు పనుల్లో నోరు, జీర్ణాశయం, పేగు గోడలు ఎంతో కొంత సాయం చేస్తాయి గాని కొవ్వు విషయంలో క్లోమానికి సాటి వచ్చే ప్రత్యామ్నాయం లేదు. లైపేజ్ ఉత్పత్తి మామూలులో పదో వంతుకు పడిపోయేదాకా విరేచనంలో కొవ్వు కనిపించదని 1973లోనే తేల్చారు. అంటే లక్షణం కనిపించేసరికి క్లోమం దాదాపు చేతులెత్తేసి ఉంటుంది. పెద్దవాళ్లకు ప్రధాన భోజనానికి 40,000 నుంచి 50,000 యూనిట్లు, చిరుతిండికి అందులో సగం అన్నది యూరప్ మార్గదర్శకాలు సూచించే కనీస మోతాదు. నాకు మొదట రాసిచ్చింది పూటకు ఒకే ఒక్క 10,000 క్యాప్సూల్. దాన్ని మోతాదు అనడానికి కూడా మనసు ఒప్పదు. అలాగని ఎవరికి వారు ఇష్టం వచ్చినట్టు పెంచుకోవడానికీ వీల్లేదు: 1990లలో సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులనూ క్లోమాన్నీ దెబ్బతీసే, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న పిల్లల్లో కొందరికి చాలా ఎక్కువ మోతాదులు వాడినప్పుడు పెద్దపేగు గట్టిపడి ఇరుకైన ఉదంతాలు బయటపడ్డాక, శరీర బరువులో కిలోకు రోజుకు 10,000 యూనిట్లు దాటరాదన్న పరిమితి పెట్టారు.

ఇప్పుడు నా ఫిర్యాదు. మందులు ఇచ్చినచోట సీసా మీద 'భోజనం తరువాత' అని చీటీ అంటించి ఇచ్చారు. అన్ని మందులకూ ఉండేదే గదా అని నేనూ అడగలేదు. మూడు నెలలపాటు చక్కగా భోజనం ముగించి, చేతులు కడుక్కుని, ఆనక క్యాప్సూల్ వేసుకున్నాను. జిడ్డు విరేచనాలు తగ్గలేదు, బరువు పెరగలేదు, కడుపు ఉబ్బరం అలాగే ఉంది. మందు పనిచేయదని తేల్చుకుని మానేయబోతుండగా ఒక పోషకాహార నిపుణురాలు నేను ఎప్పుడు మింగుతున్నానో అడిగి తలపట్టుకున్నారు. క్లోమరసం తిండి కోసం ముందే సిద్ధంగా ఉండి, తిండితో పాటే కలవాలి. తిండి సగం దిగిపోయాక పంపిన ఎంజైమ్, బస్సు వెళ్లిపోయాక స్టాండుకు చేరిన ప్రయాణికుడితో సమానం. అప్పటినుంచి మొదటి ముద్దతో ఒకటి, భోజనం మధ్యలో ఒకటి వేసుకుంటున్నాను. మోతాదును కూడా వైద్యురాలు పూటకు 50,000కు పెంచారు. రెండు మార్పులూ కలిసి పదిరోజుల్లోనే ఫలితం చూపించాయి. ఏ మార్పు వల్ల ఎంత మేలు జరిగిందో విడదీసి చెప్పలేను గాని, మోతాదు పెంచకముందు వారంరోజులు కేవలం సమయం మాత్రమే మార్చి చూశాను. ఆ వారంలోనే ఉబ్బరం సగానికి తగ్గింది.

అరుగుదల బాగుపడటం నేను ఊహించినదే. ఊహించనిది సెన్సర్ తెరమీద కనిపించింది. చేతికి పెట్టుకున్న గ్లూకోజ్ సెన్సర్ (అది చూపే చక్కెర, రక్తంలోని చక్కెర కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి) పాత రోజుల్లో భోజనం తరువాత నిట్టనిలువుగా ఎక్కి, రెండు గంటలు దాటేసరికి అంతే నిట్టనిలువుగా పడిపోయే గీత గీసేది. సరైన పద్ధతిలో క్యాప్సూళ్లు వాడుతున్న తరువాత ఆ శిఖరం కుదించుకుని, వెడల్పయి, చదునైన గుట్టలా మారింది. ఇన్సులిన్ మోతాదు అదే, తిండి కూడా ఇంచుమించు అదే. నేను తప్పు చదువుతున్నానేమోనని రెండు వారాల గీతలు ఒకదానిపై ఒకటి పెట్టి చూశాక వైద్యురాలి దగ్గరకు తీసుకెళ్లాను. ఆమె ఆశ్చర్యపోలేదు. పేగు హార్మోన్ల గురించి చెప్పడం మొదలుపెట్టారు.

ఆ కథ 1902లో లండన్‌లో మొదలవుతుంది. బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలిద్దరూ పేగుకు వెళ్లే నరాలను కోసేసినా, ఆమ్లం తగలగానే క్లోమం రసాన్ని వదలడం చూసి, పేగు గోడనుంచి రక్తం ద్వారా ఏదో సందేశం వెళుతోందని గుర్తించి దానికి సెక్రెటిన్ అని పేరుపెట్టారు. మూడేళ్ల తరువాత స్టార్లింగ్ 'హార్మోన్' అన్న మాటను వాడుకలోకి తెచ్చాడు. పేగు క్లోమానికి ఆజ్ఞలు పంపగలిగితే, షుగర్‌కు మందు కూడా పేగులోనే దొరకవచ్చుననే ఆశతో 1906లోనే లివర్‌పూల్‌లో బెంజమిన్ మూర్ బృందం పేగు పొర సారాన్ని మధుమేహ రోగులకు తాగించి చూసింది. ఇన్సులిన్ దొరకడానికి పదిహేనేళ్ల ముందు మాట ఇది. 1964లో, గ్లూకోజ్‌ను నరంలోకి ఎక్కించినప్పటి కంటే నోటితో తాగించినప్పుడు ఇన్సులిన్ చాలా ఎక్కువ విడుదలవుతుందని కొలిచి చూపించారు. ఆరోగ్యవంతుల్లో తిన్న తరువాత వచ్చే ఇన్సులిన్‌లో సగానికి పైగా ఈ పేగు సందేశాల పుణ్యమే. ఆ సందేశాలు మోసేవి ముఖ్యంగా రెండు హార్మోన్లు: చిన్నపేగు మొదటి భాగంలో పుట్టే జీఐపీ, మరింత కింది భాగాల్లో ఎక్కువగా పుట్టే జీఎల్‌పీ-1.

ఇక్కడే క్యాప్సూల్ ప్రవేశిస్తుంది. పేగు గోడలోని ఆ కణాలు అన్నపు ముద్దను చూసి స్పందించవు; విడిపోయిన కొవ్వు ఆమ్లాలను, అమైనో ఆమ్లాలను, చక్కెరను రుచి చూసి స్పందిస్తాయి. ఎంజైములు లేక కొవ్వు కొవ్వుగానే జారిపోతే వాటికి కబురు అందదు. కబురు అందనప్పుడు మిగిలిన కొద్దిపాటి దీవులకు కూడా ఆజ్ఞ వెళ్లదు. జీర్ణాశయాన్ని 'నెమ్మదించు' అని ఆపేవారూ ఉండరు కాబట్టి తిండి గబగబా పేగులోకి దిగి, చక్కెర ఒక్కసారిగా పైకెగురుతుంది. క్లోమశోథ ఉన్నవారిలో ఎంజైములు ఇచ్చినప్పుడు భోజనం తరువాత ఈ హార్మోన్లు పెరిగాయని, సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవారిలో జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగం తగ్గి చక్కెర శిఖరం కూడా తగ్గిందని పరిశోధనల్లో కనిపించింది. నా సెన్సర్ గీసిన గుట్ట ఆ పరిశోధనలు చెప్పినదానికి సరిపోయింది. అయితే ఒక హెచ్చరిక చేయకపోతే నా సమీక్ష అబద్ధమవుతుంది: తిన్నది ఒంటపట్టడం మొదలయ్యాక నాకు రోజు మొత్తంమీద ఇన్సులిన్ అవసరం కొంత పెరిగింది. బరువు పెరిగేకొద్దీ ఇంకాస్త పెరిగింది. ఈ క్యాప్సూల్ షుగర్ మందు కాదు. చక్కెర నడకను ఊహించదగినదిగా చేసే మందు మాత్రమే. ఇన్సులిన్ వాడేవారు దీన్ని మొదలుపెట్టే వారాల్లో, మోతాదు మార్చే వారాల్లో చక్కెరను మామూలు కంటే ఎక్కువసార్లు చూసుకోవలసి ఉంటుంది, అది ఎటైనా పోవచ్చు.

పేగు హార్మోన్లు ఇంత మేలు చేస్తే, ఆ హార్మోన్‌ను నేరుగా ఇంజెక్షన్‌గా వేసుకోవచ్చు గదా అని నేను కూడా అడిగాను. జీఎల్‌పీ-1 రక్తంలో రెండు నిమిషాల్లోపే సగానికి తగ్గిపోతుంది. హీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో దొరికిన, దానిలాగే పనిచేస్తూ ఎక్కువసేపు నిలిచే పదార్థం ఆధారంగా 2005లో మొదటి మందు వచ్చింది, ఇప్పుడు వారానికోసారి వేసుకునేవి కూడా ఉన్నాయి. ఇవి క్లోమానికి వాపు తెస్తాయేమోనన్న వివాదం చాలాకాలం నడిచింది. 2016లో వెలువడిన లీడర్ అనే పెద్ద పరిశోధనలో 9,340 మందిని గమనించినప్పుడు, తీవ్ర క్లోమశోథ మందు తీసుకున్నవారిలో 18 మందికి, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 23 మందికి వచ్చింది. అంటే ఆ భయానికి అక్కడ ఆధారం దొరకలేదు. అయినా ఇప్పటికే చెడిపోయిన క్లోమం ఉన్నవారి సంగతి వేరని, పైగా ఆకలినీ బరువునూ తగ్గించే మందు బరువు తగ్గిపోతున్న మనిషికి ఎందుకని నా వైద్యురాలు ఒప్పుకోలేదు. ఆ రెండో కారణం ఒక్కటి చాలు నాకు.

మందులోని లోపాలు కూడా చెప్పాలి. మొదటిది లెక్క: మూడు పూటలకు ఆరు, చిరుతిళ్లకు ఒకటి రెండు; నెలకు రెండు వందలకు పైగా క్యాప్సూళ్లు, జీవితాంతం. రెండోది వేడి. ఎంజైములు మాంసకృత్తులే కాబట్టి వేడికి, తేమకు పాడవుతాయి. ఎండలో నిలిపిన కారులో ఒక మధ్యాహ్నం మరిచిపోయిన సీసాలో క్యాప్సూళ్లు ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యాయి, వాటిని పారేయవలసి వచ్చింది. మూడోది, ఒక కంపెనీ సీసా మూత: వణికే చేతులకు, చక్కెర పడిపోయిన సమయంలో, ఆ మూత తెరుచుకోదు. నేను వాడిన మూడింటిలో రేకుల పట్టీల్లో వచ్చేది తేమకూ, బయట తినేటప్పుడు జేబులో వేసుకెళ్లడానికీ మేలు.

మోతాదు సరిపోయినా, సమయం కుదిరినా ఫలితం రానివారు మరొక సంగతి వైద్యుడిని అడగవచ్చు. చెడిపోయిన క్లోమం ఎంజైములతో పాటు ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్‌ను కూడా సరిగా పంపదు, అందువల్ల ఆంత్రమూలం పుల్లగానే ఉండిపోయి గుళికల పూత ఆలస్యంగా, పేగు చాలా దూరం దాటాక కరుగుతుంది. అలాంటివారికి ఆమ్లాన్ని తగ్గించే మాత్ర జోడిస్తారు. నాకు రెండో ఏడాది దాన్ని చేర్చాక మిగిలిపోయిన జిడ్డు కూడా పోయింది. కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లు మాత్రం ఈ క్యాప్సూళ్లలో ఉండవు. ఎన్నాళ్లుగానో కొవ్వు ఒంటపట్టని మనిషికి అవి అడుగంటి ఉంటాయి, వాటిని విడిగా కొలిపించి విడిగా భర్తీ చేసుకోవాలి. నా విటమిన్ డి ఎంత తక్కువగా ఉందో చూశాక ఎముకల బలం కూడా కొలిచారు.

చాలామంది దీన్ని గ్యాస్ కోసం తాగే ఎంజైమ్ సిరప్‌లతో పోలుస్తారు. వాటిలో సాధారణంగా ఉండే డయాస్టేజ్ పిండిపదార్థాల మీద, పెప్సిన్ మాంసకృత్తుల మీద పనిచేస్తాయి. కొవ్వు మీద పనిచేసేది అందులో లేదు. క్లోమం బాగానే ఉండి కేవలం కడుపు ఉబ్బరం ఉన్నవారికి నేను వాడే క్యాప్సూల్ అవసరం లేదు, క్లోమం చెడినవారికి ఆ సిరప్ చాలదు.

తయారీదారులను ఒక్కటే కోరతాను: లోపలి కాగితంలో సన్నటి అక్షరాల్లో ఉన్న 'ఆహారంతో పాటు' అన్న మాటను మూత మీద పెద్దగా అచ్చు వేయండి. అచ్చు వేసేదాకా ప్రతి కొత్త సీసా రాగానే, దానిమీద అంటించిన చీటీ పీకేసి, మార్కర్‌తో 'మొదటి ముద్దతో 1, సగంలో 1' అని నేనే రాసుకుంటున్నాను.